బుగ్గ మీది ఎరుపు కాగితం వెనక ఉంది

లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ దగ్గర ఒక చిన్న బొమ్మ ఉంది. 1787లో గీసింది. పెన్సిలు, సుద్ద, కాస్త వాటర్ కలర్, అంతే. స్కూలు నోట్‌బుక్కులో ఒక పేజీని మించి ఉండదు. అందులో ఉన్నావిడ సారా సిడన్స్. ఆనాటి ఇంగ్లండ్‌లో విషాద పాత్ర అంటే ముందు ఆమె పేరే వచ్చేది. ఆమె వేదిక మీద ఏడుస్తుంటే చూడలేక ప్రేక్షకులు స్పృహ తప్పిపోయారని అప్పటివాళ్లు రాసిపెట్టారు. బొమ్మ గీసినాయన జాన్ డౌన్‌మన్. ఈ పేరు మాత్రం చిత్రకళ చదువుకున్నవాళ్లలో కూడా చాలామంది విని ఉండరు.

మొదటిసారి దీన్ని కంప్యూటర్ తెర మీద చూసినప్పుడు పేరు తప్పుగా వేశారేమో అనుకున్నాను. డిగ్రీలో మాక్‌బెత్ పాఠం చదివినవాళ్లకు సిడన్స్ పేరు ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. నిద్రలో నడుస్తూ, చేతికంటిన నెత్తురు పోవడం లేదని రుద్దుకునే ఆ రాణి పాత్రకు ఒక రూపం ఇచ్చింది ఆవిడే. అలాంటి మనిషి బొమ్మలో బాకు లేదు, కిరీటం లేదు, చీకటి లేదు. మెత్తటి బూడిదరంగు గీతలు, బుగ్గ మీద కొంచెం ఎరుపు. కలిగినవాళ్ల ఇంటి ఆడపడుచు ఎవరో వచ్చి కాసేపు కూర్చుని వెళ్లినట్టు ఉంది.

అంత పెద్ద విషాద నటి ఇంత మామూలుగా ఎందుకు ఉంది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళితే చాలా సంగతులు ఒకదానికొకటి చిక్కుపడి కనిపిస్తాయి. ఆ రోజుల్లో నటి అంటే సమాజానికి ఎవరు, చిత్రకారుడికి ఆమె బొమ్మ ఎందుకు కావాలి, ఒక డ్యూకుగారి ఇంట్లో నాటకం ఆడితే దానికీ ఈ బొమ్మకూ సంబంధం ఏమిటి, అసలు ఒకే బొమ్మ నాలుగుచోట్ల ఉంటే అందులో అసలైనది ఏది. ఒక్కో ముడీ విప్పుకుంటూ పోదాం.

ముందు ఆవిడ సంగతి.

సారా 1755 జూలై 5న వేల్స్‌లోని బ్రెకన్ అనే ఊళ్లో ఒక సత్రంలో పుట్టింది. తండ్రి రోజర్ కెంబుల్ ఊరూరా తిరిగి నాటకాలాడే బృందానికి యజమాని. అంటే పుట్టుకతోనే ఆమెది నాటకాల బండి మీద బతుకు. పద్దెనిమిదేళ్లకు అదే బృందంలోని విలియం సిడన్స్‌ను పెళ్లి చేసుకుంది. 1775 డిసెంబరులో లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటర్‌లో అవకాశం వచ్చింది. అప్పటికి దాని యజమాని డేవిడ్ గారిక్, ఆ తరంలో అందరికంటే పెద్ద నటుడు. షేక్‌స్పియర్ రాసిన పోర్షియా పాత్రతో మొదలుపెట్టింది. గొంతు లేవలేదు, కాళ్లు వణికాయి. పైగా అప్పటికి బిడ్డను కని కొద్ది వారాలే అయింది. సీజన్ అయిపోయాక, ఇంక నువ్వు రానక్కర్లేదని కబురు వచ్చింది. ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి చాలాకాలం పట్టిందని తర్వాత ఆమే చెప్పుకుంది.

ఆ తర్వాత ఆరేళ్లు బయట ఊళ్లలోనే. 1778 నుంచి బాత్ నగరంలో. అక్కడే ఆమె నటిగా గట్టిపడింది. 1782లో బాత్ వదిలి వెళ్లేటప్పుడు వీడ్కోలు సభలో, ఎందుకు వెళ్లిపోతున్నానో చెప్పడానికి మూడు కారణాలున్నాయంటూ తన ముగ్గురు పిల్లలను వేదిక మీదికి తీసుకొచ్చింది. ఈ సంఘటన గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది. అదే ఏడాది అక్టోబరు 10న డ్రూరీ లేన్‌లో మళ్లీ అడుగుపెట్టింది. ఈసారి ఇజబెల్లా అనే విధవరాలి పాత్ర. లండన్ ఆమెకు దాసోహం అంది. 1785 ఫిబ్రవరి 2న లేడీ మాక్‌బెత్ వేసింది. నిద్రలో నడిచే సీనులో చేతిలోని దీపాన్ని కింద పెట్టి చేతులు కడుక్కున్నట్టు నటించింది. అంతకుముందు ఆ పాత్రలో పేరు తెచ్చుకున్న నటి దీపాన్ని చివరిదాకా చేతిలోనే పట్టుకునేది. దాంతో థియేటర్ మేనేజర్ షెరిడాన్ నాటకం మొదలవబోతుండగా ఆమె మేకప్ గదికి వచ్చి, ఇలా మార్చవద్దని బతిమాలాడట. ఆమె వినలేదు. ప్రదర్శన అయ్యాక షెరిడానే వచ్చి, నువ్వు మొండికేయడమే మంచిదయిందన్నాడని ఆమె జ్ఞాపకాల్లో ఉంది.

ఇంత కీర్తి ఉన్నా నటి నటే. ఇంగ్లండ్‌లో ఆడవాళ్లు వృత్తిగా వేదిక ఎక్కడం 1660 తర్వాతే మొదలైంది. సిడన్స్ నాటికి నూట ఇరవై ఏళ్లు దాటినా, డబ్బిచ్చి టికెట్ కొన్నవాడు ఎవడైనా ఆమె ముఖం వంక గంటలకొద్దీ చూడొచ్చు అన్నదాన్ని సమాజం మంచి కంటితో చూడలేదు. 1784లో జబ్బుపడిన తోటి నటుల సహాయార్థం ఆడటానికి ఆమె డబ్బు అడిగిందని పత్రికలు రాసేసరికి, ప్రేక్షకులు ఆమెను వేదిక మీదే ఈలలతో గోల చేసి తరిమినంత పని చేశారు. నిన్న చప్పట్లు కొట్టిన చేతులే అవి. అందుకే ఆమెకు నటనతో పాటు ఇంకో పని కూడా ఉండేది. తాను కుటుంబ స్త్రీననీ, పిల్లల తల్లిననీ, మర్యాదస్తురాలిననీ ఎప్పటికప్పుడు జనానికి కనపడేలా చూసుకోవాలి. బాత్‌లో పిల్లలను వేదిక మీదికి తెచ్చింది అందుకేనని నాకనిపిస్తుంది. ఆ తల్లి ప్రేమ నిజమే, దాన్ని అందరి ముందూ చూపించాల్సిన అవసరమూ నిజమే.

ఇప్పుడు బొమ్మల దగ్గరకు వద్దాం. ఆ రోజుల్లో ఫోటోలు లేవు. నటి ముఖం జనంలో తిరగాలంటే చిత్రకారుడే దిక్కు. చిత్రకారుడికీ అంతే, కొత్తగా పేరు రావాలంటే పేరున్న ముఖం కావాలి. రాయల్ అకాడమీ అనే చిత్రకారుల సంస్థ ఏటా పెట్టే ఎగ్జిబిషన్ 1780 నుంచి లండన్‌లోని సోమర్‌సెట్ హౌస్‌లో జరిగేది. కింది నుంచి పైకప్పు దాకా గోడంతా పటాలు, సందు లేకుండా. ఆ గుంపులో ఎవరైనా ఆగి చూడాలంటే సిడన్స్ లాంటి ముఖం ఉంటే సగం పని అయినట్టే.

జాషువా రేనాల్డ్స్ 1784లో ఆమెను విషాద దేవతగా చూపించాడు. మబ్బుల మధ్య సింహాసనం, వెనక నీడల్లో జాలి, భయం రెండూ మనుషుల రూపంలో నిలబడి ఉంటాయి. ఆమె చూపు పైకెక్కడో. ఆ పెయింటింగ్ ఇప్పుడు కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ మ్యూజియంలో ఉంది. రేనాల్డ్స్ తన సంతకాన్ని ఆమె గౌను అంచు మీద చేశాడు. మరుసటి ఏడాది థామస్ గేన్స్‌బరో గీసింది దీనికి పూర్తిగా వేరు. చారల నీలి గౌను, పెద్ద నల్ల టోపీ, బొచ్చు తొడుగు, పక్కకు తిరిగిన ముఖం. ఖరీదైన బట్టలు వేసుకుని ఎవరింటికో వచ్చిన పెద్దింటావిడలా ఉంటుంది. అది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

ఒకరు ఆమెను దేవతను చేశారు, ఒకరు దొరసానిని చేశారు. రెండూ నిలువెత్తు పటాలకు దగ్గరగా ఉండే పెద్ద నూనెరంగుల పనులు, దూరం నుంచి చూసేందుకు చేసినవి. డౌన్‌మన్ బొమ్మ చూడాలంటే మాత్రం దాన్ని చేతిలోకి తీసుకోవాలి, లేదా గోడకు ఆనుకునేంత దగ్గరగా వెళ్లాలి. నా దృష్టిలో ఈ దూరం తేడాయే అసలు కీలకం. డ్రూరీ లేన్‌లో వెనక వరుసలో కూర్చున్నవాడికి ఆమె ముఖం వేలిగోరంత కనపడుతుంది. 1794లో ఆ థియేటర్‌ను మళ్లీ కట్టినప్పుడు 3,600 మందికి పైగా పట్టేలా కట్టారు. అంత దూరంలో ఉన్నవాడికి కూడా చేరాలని ఆమె గొంతునూ చేతులనూ పెద్దవి చేసుకుంది. డౌన్‌మన్ కాగితం మీద అవేవీ అక్కర్లేదు. అక్కడ ఆమె ఊపిరి వినపడేంత దగ్గరగా ఉంటుంది.

డౌన్‌మన్ 1750 ప్రాంతంలో పుట్టాడు. అతనిదీ వేల్స్ సంబంధమే. లండన్ వచ్చి అమెరికా నుంచి వచ్చిన చిత్రకారుడు బెంజమిన్ వెస్ట్ దగ్గర నేర్చుకున్నాడు. 1769లో, కొత్తగా పెట్టిన రాయల్ అకాడమీ బడిలో చేరాడు. 1773లో జోసెఫ్ రైట్ అనే మరో చిత్రకారుడితో కలిసి ఓడెక్కి ఇటలీ వెళ్లాడు. తిరిగొచ్చాక కొంతకాలం కేంబ్రిడ్జ్‌లో, ఆ తర్వాత లండన్‌లో. అతనికి చరిత్ర ఘట్టాలు, పురాణ కథలు పెద్ద పెద్ద పటాలుగా వేయాలని ఉండేది. అప్పట్లో గౌరవమంతా వాటికే. కానీ ఇంట్లో పొయ్యి వెలిగించింది చిన్న పోర్ట్రెయిట్లు. రాయల్ అకాడమీలో 1819 దాకా మొత్తం 148 పనులు ప్రదర్శించాడు. 1795లో అకాడమీ అసోసియేట్‌గా తీసుకుంది, పూర్తి సభ్యత్వం ఎన్నడూ ఇవ్వలేదు. ఇంకా పెద్ద గౌరవం రావాల్సిన మనిషని నా నమ్మకం, అందుకు కారణం అతని చేతిలోని ఒక కిటుకు.

ఆ కిటుకు ఇది. డౌన్‌మన్ పల్చటి కాగితం మీద నల్ల సుద్దతో ముఖం గీసేవాడు. స్టంప్ అని ఒకటి ఉంటుంది. కాగితాన్నో తోలునో బిగించి చుట్టి, కొన చెక్కి, పెన్సిల్లా చేస్తారు. ఇప్పటికీ డ్రాయింగ్ నేర్చుకునే పిల్లలు షేడింగ్‌కి వాడతారు. దాంతో సుద్దను అద్ది, మెత్తగా రుద్ది, నీడలన్నీ పొగలా చేసేవాడు. ఇంతవరకు అందరూ చేసేదే. రంగు దగ్గరకు వచ్చేసరికి కాగితాన్ని తిరగేసేవాడు. బుగ్గ ఎక్కడ వస్తుందో సరిగ్గా అక్కడ, వెనకవైపు, ఎరుపు అద్దేవాడు. పెదవుల దగ్గర కూడా. ముందుకు తిప్పితే ఆ ఎరుపు కాగితంలోంచి పలచగా తొంగిచూస్తుంది. రంగు పూసినట్టు ఉండదు, లోపలి నుంచి వచ్చినట్టు ఉంటుంది.

నమ్మకం కుదరక ఇంట్లో చేసి చూశాను. ట్రేసింగ్ పేపర్ మీద తడి తగలగానే అప్పడంలా ముడుచుకుపోయింది. ఆఫీసు ప్రింటర్లో వాడే కాగితం కాస్త మందమయి రంగు అసలు బయటపడలేదు. చివరికి పాత లెటర్ ప్యాడ్‌లోని పల్చటి కాగితం దొరికింది. ముందువైపు పెన్సిల్‌తో ఒక ముఖం గీసి, కిటికీ అద్దానికి ఆనించి బుగ్గ ఎక్కడుందో చూసుకుని, వెనక పిల్లల వాటర్ కలర్ డబ్బాలోంచి ఎరుపు అద్దాను. తడిగా ఉన్నంతసేపూ ముందువైపు బుగ్గ భగ్గుమంటూ కనిపించింది. తడి కాగితంలోంచి అవతలిది కనపడుతుంది కదా. ఆరేసరికి మూడొంతులు మాయమైంది. ఇంకో పూత, ఇంకో పూత. నాలుగోసారికి కాగితం అలలు తిరిగింది కానీ, ఎండ పక్కకు తప్పుకున్నాక చూస్తే నా పిచ్చి గీతల ముఖానికి ఎక్కడినుంచో రక్తం వచ్చింది. ఒక్క చుక్క రంగు కూడా ముందువైపు లేదు. ఆరాక ఎంత మిగులుతుందో ముందే ఊహించి వేయాలి. గీస్తున్నది ఒకవైపు, రంగు వేస్తున్నది ఇంకోవైపు, పైగా కుడి ఎడమలు తారుమారు. దీన్ని వందల ముఖాల మీద తప్పు లేకుండా చేసిన చేతికి నేను దండం పెడతాను.

ఈ పద్ధతిలో పనికొచ్చే లాభం ఒకటి స్పష్టంగా ఉంది. ముందువైపు మెత్తటి సుద్ద మీద తడి కుంచె పెడితే అది చెదిరిపోతుంది. వెనక వేస్తే ముందున్న గీత పదిలం. అయితే నన్ను ఆపింది ఈ లాభం కాదు. ఆ కాలంలో బుగ్గ ఎరుపెక్కడం అంటే ఏమిటో ఆలోచిస్తే ఈ చిన్న కిటుకు చాలా పెద్ద మాట చెబుతుంది.

సిగ్గుతో ముఖం ఎర్రబడటం అప్పట్లో సచ్ఛీలానికి గుర్తు. కన్నీళ్లు తెప్పించుకోవచ్చు, గొంతు వణికించవచ్చు, బుగ్గను మాత్రం కావాలని ఎర్రబరచలేమని జనం నమ్మకం. నటికి ఇక్కడే చిక్కు. ఆమె ముఖం మీద ఎరుపు ఉంటే అది పూసుకున్నదేనని అందరికీ తెలుసు. వేదిక మీద కొవ్వొత్తులు, నూనె దీపాల వెలుగులో ముఖం కనపడాలంటే దట్టంగా రంగు పూయాల్సిందే. అంటే నటి బుగ్గ ఎరుపు అబద్ధపు ఎరుపు, వృత్తి ఎరుపు. డౌన్‌మన్ సిడన్స్‌కు ఇచ్చింది ఇంకో రకం ఎరుపు. చర్మం మీద లేదు, చర్మం కింద ఉంది. మాటవరసకు కాదు, కాగితం సాక్షిగా నిజంగానే కింద ఉంది. అతను ఇంత ఆలోచించి చేశాడని నేను అనను. ఆడవాళ్ల ముఖాలన్నిటికీ అదే పద్ధతి వాడాడు. కానీ ఆ పద్ధతి ఒక నటి ముఖానికి వచ్చేసరికి, ఆమెకు సమాజం ఇవ్వనిదేదో ఇచ్చింది.

జుట్టు గురించి కూడా ఒక మాట. ఆ దశాబ్దంలో కలిగినింటి ఆడవాళ్లు జుట్టును మబ్బులా రేపి, పైన తెల్లటి పౌడరు చల్లుకునేవారు. బూడిద తెలుపు, నల్ల సుద్దకు అచ్చంగా అచ్చివచ్చే రంగు. మల్లు గుడ్డల తెలుపు కూడా అంతే. ఫ్యాషనే అతని సుద్దకు సరిపోయేలా నడిచింది. 1795లో ఇంగ్లండ్ ప్రభుత్వం జుట్టు పౌడరు మీద పన్ను వేసింది, ఆ మోజు తగ్గింది. డౌన్‌మన్ బొమ్మలు ఆ పదిహేనేళ్ల తలలకు పెట్టిన అద్దం.

ఇక డ్యూకుగారి ఇంటి నాటకం.

లండన్ వైట్‌హాల్‌లో, థేమ్స్ ఒడ్డున, రిచ్‌మండ్ డ్యూకు ఇల్లు ఉండేది. పేరు రిచ్‌మండ్ హౌస్. అప్పట్లో గొప్పింటివాళ్లకు సొంతంగా నాటకాలాడే పిచ్చి పట్టింది. 1787లో డ్యూకుగారు ఇంట్లోనే ఆర్కిటెక్ట్ జేమ్స్ వయట్ చేత చిన్న థియేటర్ కట్టించుకున్నాడు. ఆర్థర్ మర్ఫీ రాసిన ‘ద వే టు కీప్ హిమ్’ అనే హాస్య నాటకం ఎంచుకున్నారు. పెళ్లయ్యాక మొగుడి మనసు నిలుపుకోవడం ఎలా అన్నది కథ. నటీనటులంతా బిరుదులున్నవాళ్లు, వాళ్ల చుట్టాలు. డెర్బీ ప్రభువు ఉన్నాడు, శిల్పి ఆన్ డేమర్ ఉంది. వాళ్లకు నటన నేర్పించడానికి మాత్రం ఒక వృత్తి నటి కావాల్సి వచ్చింది. ఆమె ఎలిజబెత్ ఫారెన్, హాస్య పాత్రల్లో ఆనాటి మేటి.

ఆ నాటకంలో ఒక పెద్దింటి గది సెట్టింగు కావాలి. పెద్దింట్లో గోడల మీద ఆడవాళ్ల పటాలు ఉండాలి. ఆ పటాల పని డౌన్‌మన్‌కు ఇచ్చారు. అతను గీసినవాళ్లలో డెవన్‌షైర్ డచెస్, అంటే అక్కడి డ్యూకు భార్య ఉంది, ఆమె చెల్లెలు లేడీ డంకానన్ ఉంది. వాళ్లతో పాటే ఎలిజబెత్ ఫారెన్ ఉంది, సారా సిడన్స్ ఉంది.

ఇక్కడ కాస్త ఆగాలి. డబ్బున్న ఆడవాళ్లు వేదిక ఎక్కి నటులయ్యారు. నటీమణులు వేదిక మీది గోడకు చేరి గొప్పింటి ఆడవాళ్లయ్యారు. డచెస్ పక్కనే నాటకాల బండిలో పెరిగిన మనిషి. అందరికీ అదే సుద్ద, అదే మెత్తదనం, బుగ్గ మీద అదే లోపలి ఎరుపు. ఎవరు పుట్టుకతో దొరసాని, ఎవరు జీతానికి ఏడ్చే నటి అన్నది ఆ గీతల్లో ఎక్కడా తెలియదు. మొదట్లో నన్ను తికమకపెట్టిన ఆ మామూలుతనానికి సమాధానం నాకు ఇక్కడే దొరికింది. సిడన్స్‌ను సిడన్స్‌లా కనపడకుండా చేయడం ఆ బొమ్మలో లోపం అనుకున్నాను. అప్పటి నటికి అంతకంటే పెద్ద కానుక లేదు.

ఎంత పెద్ద కానుకో తెలియాలంటే ఫారెన్‌కు మూడేళ్ల తర్వాత జరిగింది చూడాలి. 1790లో యువ చిత్రకారుడు థామస్ లారెన్స్ ఆమెను నిలువెత్తున, బొచ్చు అంచుల తెల్లటి కోటులో, ఆకాశం కింద నడుస్తున్నట్టు అద్భుతంగా గీశాడు. ఇప్పుడది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఎగ్జిబిషన్ కేటలాగులో దానికి ‘ఒక నటి చిత్రం’ అని శీర్షిక పడింది. ఆమె నొచ్చుకుంది. ‘ఒక మర్యాదస్తురాలి చిత్రం’ అని ఉండాల్సిందని ఆమె బాధ. ఈ రెండు పేర్ల మధ్య దూరం దాటడానికి ఆమెకు ఇంకో ఏడేళ్లు పట్టింది. డెర్బీ ప్రభువు చాలా ఏళ్లుగా ఆమెను ఆరాధిస్తున్నాడు, కానీ ఆయనకు విడిగా ఉంటున్న భార్య ఉంది. 1797 మార్చిలో ఆ భార్య చనిపోయింది. ఏప్రిల్ 8న ఫారెన్ చివరిసారి వేదిక ఎక్కింది. మే 1న ఆయన్ను పెళ్లి చేసుకుని డెర్బీ కౌంటెస్ అయింది. అన్నేళ్లూ ఎవరూ తన పేరుకు మచ్చ తేకుండా, తల్లి పక్కన లేకుండా ఆయన్ను కలవకుండా జాగ్రత్తపడింది. డౌన్‌మన్ సుద్ద 1787లోనే ఆమెను చేర్చిన చోటికి, మనిషిగా చేరడానికి పదేళ్లు.

రిచ్‌మండ్ హౌస్ 1791లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. నాటకం కోసం కట్టిన ఆ ప్రపంచం అలా పోయింది. బొమ్మలు మాత్రం ఇంకో రూపంలో బతికాయి. వాటిలో కొన్నిటిని స్టిపుల్ పద్ధతిలో రాగి రేకుల మీద చెక్కి అచ్చు వేశారు. గీతలకు బదులు సన్నటి చుక్కలతో నీడలు తెప్పించే పద్ధతి అది, లండన్‌లో స్థిరపడిన ఇటలీ వాడు బార్తొలోజీ వల్ల బాగా వ్యాపించింది. మెత్తటి ముఖాలకు బాగా కుదురుతుంది. రేకు మీదే అక్కడక్కడ రంగు సిరా అద్ది ఒకేసారి అచ్చు తీసేవాళ్లు. దాంతో డౌన్‌మన్ ముఖాలు మధ్యతరగతి ఇళ్ల గోడలకు చేరాయి. కాకపోతే అచ్చులో బుగ్గ ఎరుపు ముందువైపే పడుతుంది. వెనక నుంచి వచ్చే ఆ వెచ్చదనం అచ్చుకు అందదు.

ఇప్పుడు మిగిలిన ముడి: అసలు బొమ్మ ఏది?

మనకు అలవాటైన లెక్క ఏమిటంటే, చిత్రకారుడు ఒక బొమ్మ గీస్తాడు, అది అసలు, మిగతావి నకళ్లు. డౌన్‌మన్ దగ్గర ఈ లెక్క కుదరదు. ఎదురుగా మనిషి కూర్చున్నప్పుడు గీసిన మొదటి బొమ్మను తన దగ్గరే ఉంచుకునేవాడు. దాన్ని చూసి తీర్చిదిద్దిన బొమ్మ తయారుచేసి, డబ్బిచ్చినవాళ్లకు అది ఇచ్చేవాడు. అక్కకొకటి, అత్తగారికొకటి కావాలంటే మళ్లీ గీసిచ్చేవాడు. కాబట్టి గోడ మీద ఫ్రేములో ఉన్నది అతని చేతి పనే అయినా మనిషిని చూస్తూ గీసింది కాకపోవచ్చు. మనిషిని చూస్తూ గీసిందేమో ఫ్రేము లేకుండా ఆల్బంలో ఉండేది. ఫోటో స్టూడియోవాళ్లు నెగెటివ్ దాచుకుని, అడిగినప్పుడల్లా ప్రింటు వేసిచ్చేవారే, అలాంటిదే అనుకోండి. తేడా ఒక్కటే, ప్రతి ప్రింటూ మళ్లీ చేత్తో వేయాలి, ప్రతిసారీ కాగితం తిరగేసి బుగ్గ వెతుక్కోవాలి.

ఆ మొదటి బొమ్మలను అతను పారేయలేదు, చిందరవందరగా వదిలేయలేదు. ఆల్బంలలో అంటించి, సంపుటాలుగా విభజించి, ఒక్కోదానికి పక్కన ఎవరిదో, ఏ సంవత్సరమో రాసుకున్నాడు. కొన్నిచోట్ల ఆ మనిషి గురించి తన అభిప్రాయం కూడా. తన గురువు వెస్ట్ బొమ్మ దగ్గర గురుభక్తి కనపడేలా రాసుకున్నాడు. కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఈ ఆల్బంల కాగితాలు చాలా ఉన్నాయి. పేరు లేని పోర్ట్రెయిట్లకు తర్వాతి కాలంలో ఏదో ఒక పెద్ద పేరు తగిలించి అమ్మడం మార్కెట్లో మామూలే. సిడన్స్ కాని ఎందరో ఆడవాళ్లు సిడన్స్ పేరుతో చేతులు మారారు. అలాంటి చోట, గీసినవాడే తన చేత్తో రాసిపెట్టుకున్న ఒక పేరు, ఒక సంవత్సరం ఎంత విలువైనవో వేరే చెప్పక్కర్లేదు. ఏ డచెస్ పేరో కాబట్టి రాసుకున్నాడనుకోవడానికి లేదు, మామూలు మనుషుల పేర్లు కూడా అంతే శ్రద్ధగా రాసుకున్నాడు. అతని మీద నాకు అభిమానం పెరిగింది ఈ రాతల సంగతి తెలిశాకే.

డౌన్‌మన్ చివరి రోజుల్లో లండన్ వదిలేశాడు. చెస్టర్‌లో కొంతకాలం ఉండి, వేల్స్‌లోని రెక్సమ్‌కు వెళ్లిపోయాడు. 1824 డిసెంబరు 24న అక్కడే పోయాడు. సిడన్స్ అప్పటికి నాటకాలు మానేసి పన్నెండేళ్లయింది. 1812 జూన్ 29న ఆమె వీడ్కోలు ప్రదర్శన కూడా లేడీ మాక్‌బెత్తే. నిద్రలో నడిచే సీను అయ్యాక జనం నాటకాన్ని ముందుకు సాగనివ్వలేదు. తర్వాత ఆమె మామూలు బట్టల్లో వచ్చి వీడ్కోలు చెప్పి వెళ్లింది. 1831 జూన్ 8న చనిపోయింది. లండన్ ప్యాడింగ్టన్‌లో ఆమె సమాధి ఉంది.

ఆ సమాధికి దగ్గర్లోనే ప్యాడింగ్టన్ గ్రీన్‌లో 1897లో ఆమె విగ్రహం పెట్టారు. నటుడు హెన్రీ ఇర్వింగ్ ఆవిష్కరించాడు. శిల్పి తీసుకున్న పోలిక రేనాల్డ్స్ పెయింటింగ్‌దే, విషాద దేవత కూర్చున్న తీరే. తెల్లటి పాలరాయి. ఎండకూ వానకూ నిలిచి, పక్కనున్న రోడ్డు మీద కార్లు పోతుంటే అక్కడే కూర్చుని ఉంది. డౌన్‌మన్ కాగితాల్లాంటివి ఎక్కువ వెలుతురులో పెట్టకూడదు. అందుకే మ్యూజియంలు వాటిని కొన్నాళ్లు తక్కువ వెలుగులో చూపించి, మళ్లీ పెట్టెల్లో చీకట్లో దాచేస్తుంటాయి. ఎరుపున్న వైపు కిందికి, ముఖమున్న వైపు పైకి.